1988 నాటి వంటిల్లు, చేతిలో 90 వేలు: ఏది ముందు, ఏది తర్వాత?

గోదారి గట్టు

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మా అమ్మావాళ్ల ఇల్లు 1988లో కట్టింది. వంటిల్లు అప్పటినుంచి అలాగే ఉంది. గది పదడుగులు, తొమ్మిదడుగులు. తూర్పు గోడ పొడవునా తొమ్మిదడుగుల కడప బండ గట్టు, అది ఉత్తరం వైపు తిరిగి ఇంకో మూడడుగులు. ఆ తిరిగిన చోట సింకు. గట్టు కింద కడప బండ అరలు, తలుపుల్లేవు. పైన సజ్జ. నేల తాండూరు నాపరాళ్లు, మూలన నేలలోనే పాతిన రుబ్బురోలు. సింకు వెనక గోడ ఎండాకాలంలో కూడా చెమ్మగానే ఉంటోంది, పెచ్చులు ఊడి కడిగిన గిన్నెల్లో పడుతున్నాయి. మొత్తం గదికి ప్లగ్గు పాయింటు ఒక్కటే. మిక్సీ తీసి ఇండక్షన్ పెట్టాలి, ఇండక్షన్ తీసి కెటిల్ పెట్టాలి.

అమ్మకి అరవై ఆరేళ్లు. ఎత్తు ఐదడుగులు. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పారు. కింది అరలోంచి కుక్కరు తీయాలంటే ఒక చేత్తో గట్టు అంచు పట్టుకుని కూర్చుంటుంది, లేచేటప్పుడు నాన్నని పిలుస్తుంది. అందుకే ఇక ఆపకూడదనుకున్నాం.

మాడ్యులర్ కిచెన్ వాళ్లని పిలిపిస్తే మూడున్నర లక్షలు చెప్పారు. అందులో గట్టు, గోడ, పైపుల పని లేవు. మా దగ్గర ఉన్నది 90 వేలు. అప్పు చేసే ఆలోచన లేదు. ఈ డబ్బుతో ఏది ముందు చేయించాలి, ఏది వదిలేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

సివిల్ బాబాయ్

అమ్మాయ్, కబోర్డుల మాట కొన్నాళ్లు పక్కన పెట్టు. ముందు ఆ చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తేల్చు. నేను రిటైరైన సివిల్ ఇంజనీరుని. తడి గోడ మీద కొత్త టైల్స్ వేసి, దాని ముందు కొత్త చెక్క బిగించి, రెండేళ్లకే రెండూ పీకించిన ఇళ్లు చాలా చూశాను.

వానాకాలంలోనే చెమ్మ పెరిగితే బయటి గోడ పగులో, సన్‌షేడ్ దగ్గర నీళ్లు నిలవడమో కారణం అవుతుంది. ఏడాది పొడవునా ఒకేలా ఉందంటే పైపు మీదే అనుమానం. 1988 అంటే గోడలో జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు ఉంటుంది. అది బయటికి బాగానే కనపడుతుంది, లోపల తుప్పు పట్టి సూది మొనంత చిల్లు పడినా చాలు, గోడంతా తాగేస్తుంది. సింకుకి వెళ్లే వాల్వు కట్టేసి కొన్ని రోజులు బాల్చీ నీళ్లతో గడపండి. గోడ ఆరడం మొదలైతే దొంగ దొరికినట్టే.

పైపే అయితే, పాతది తవ్వి తీయించే ఖర్చు పెట్టొద్దు. దాన్ని రెండు కొనలా మూసేసి, కొత్త సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) లైను వేరే దారిలో వేయించండి. చెమ్మ తాగిన ప్లాస్టరింగు మాత్రం ఇటుక కనపడేదాకా చెక్కించాల్సిందే. గోడ బాగా ఆరాక వాటర్‌ప్రూఫ్ కాంపౌండు కలిపిన 1:4 మాలుతో (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక) మళ్లీ పూయించి, వారం రోజులు తడపాలి. చెమ్మ గోడకి పుట్టీ పెట్టి రంగేస్తామని ఎవరైనా అంటే వినొద్దు. లోపలి ఉప్పు పైకి తేలి పొరలు పొరలుగా ఊడిపోతుంది.

సింకు ఉన్న చోటే ఉంచండి. దాన్ని జరిపితే నీళ్ల పైపుతో పాటు మురుగు పైపు వాటం కూడా మార్చాలి, నేల పగలగొట్టాలి. ఈశాన్యం మూల సింకు, తూర్పు ముఖంగా పొయ్యి. వాస్తు చూసుకునేవాళ్లకి కూడా అభ్యంతరం ఉండదు.

ఇందూరు ఇల్లాలు

అక్కా, మాది నిజామాబాద్. నాలుగేళ్ల కింద మా అత్తమ్మ వంటింటికి ఇట్లనే చేయించినం. ఒక్కటే చెప్తా, గట్టు ఎత్తు మీ అమ్మగారిని నిలబెట్టి కొలిచినంకనే మేస్త్రికి చెప్పండి. అందరికీ ఒకటే కొలత పెట్టేస్తరు.

మోచేయి మడిచి నిలబడితే నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో చూసి, అందులో నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేయాలె. ఐదడుగుల మనిషికి ముప్పై రెండు, ముప్పై మూడు అంగుళాల దగ్గర వస్తది. అదే కూరలు తరగడానికి, చపాతీ ఒత్తడానికి సరిపోయే ఎత్తు. పొయ్యి సంగతి వేరు. స్టవ్ ఎత్తే నాలుగంగుళాలు, దాని మీద పెద్ద గిన్నె. పులుసు కలపాలంటే భుజం లేపాల్సి వస్తది. మేము పొయ్యి పెట్టే మూడడుగుల ముక్క మటుకు మూడంగుళాలు దించి కట్టించినం. అత్తమ్మకు భుజం నొప్పి చానా తగ్గింది.

గోదారి గట్టు

బాబాయ్ గారూ, వాల్వు కట్టేసి చూశాం. గోడ ఆరుతోంది! పైపే. చాలా థాంక్స్ అండి.

ఇందూరు అక్కా, కొలిచాను. అమ్మకి మోచేతి దాకా ముప్పై ఏడున్నర అంగుళాలు వచ్చింది. ఇప్పుడున్న గట్టు ముప్పై ఒకటి. పాతకాలం గట్లు కొంచెం తక్కువే కదా. ఈ కడప బండ నలుపు పూర్తిగా పోయి తెల్లమచ్చలు పడ్డాయి. పగలగొట్టి గ్రానైట్ వేయించాలా?

ఒంగోలు రాయి

పగలగొట్టక్కర్లేదండి. మా నాన్నగారి కాలంనుంచి మాది రాళ్ల వ్యాపారమే.

కడప బండ సున్నపురాయి జాతి. తాండూరు, షాబాదు, బేతంచెర్ల బండలు కూడా అంతే. సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మకాయ, చింతపండు, మజ్జిగ, వెనిగర్ ఏది పడినా పై పొర కొంచెం కరిగి మెరుపు పోతుంది. గట్టు మీద తెల్లమచ్చలు అవే. వాటిని సబ్బుతో ఎంత తోమినా పోవు, ఎందుకంటే అది మురికి కాదు. గ్రానైట్‌కి ఆ బాధ లేదు.

మీ పాత బండ కదలకుండా ఉంటే, దాన్ని గరుకుగా చెక్కి మీదే గ్రానైట్ పరిపించండి. రాయి ముప్పావు అంగుళం, కింద మాలు అంతే. మొత్తం అంగుళన్నర లేస్తుంది. మీ ముప్పై ఒకటి కాస్తా ముప్పై రెండున్నర అవుతుంది, అమ్మగారికి కావలసింది అదే కదా! పగలగొట్టే కూలి, చెత్త ఎత్తించే ట్రాక్టరు కిరాయి మిగులుతాయి. పొయ్యి చోట మాత్రం గ్రానైట్ వేయకుండా పాత బండని వదిలేస్తే అంగుళన్నర పల్లం దానంతటదే వస్తుంది, కానీ పోపులో పులుపు పడేది కూడా అక్కడే. కాబట్టి అక్కడ పాత బండ మీద పల్చటి విట్రిఫైడ్ టైల్ ఒకటి అడ్హెసివ్‌తో అతికించమనండి.

కొనేటప్పుడు రెండు పరీక్షలు చేయండి. తెల్లగుడ్డకి థిన్నరు అద్ది నల్లరాయిని గట్టిగా రుద్దండి, గుడ్డకి నలుపు అంటితే అది రంగేసిన రాయి. నిమ్మచెక్క రుద్ది కాసేపాగి తుడవండి, మచ్చ పడితే అది గ్రానైట్ కాదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీయే కావాలని పట్టుబట్టొద్దు, దాని పేరుకే ధర ఎక్కువ. మీకు కావలసింది పాతిక చదరపు అడుగుల లోపే. పెద్ద పనుల్లో మిగిలిన ముక్కలు షాపుల వెనక నిలబెట్టి ఉంటాయి. తొమ్మిదడుగుల ముక్క ఒకటి, మూడడుగులది ఒకటి అడిగితే ధర బాగా తగ్గిస్తారు.

నేల నాపరాళ్లని మార్చొద్దు. మిషను పాలిష్ పట్టిస్తే ఎంత బాగుంటాయో మీరే చూస్తారు. టైల్స్ కంటే తక్కువలో అవుతుంది, తడికాలు జారడం కూడా తక్కువ. అద్దంలా మెరిపించమని మాత్రం అడగొద్దు.

కరెంటు తమ్ముడు

ఒక్క ప్లగ్గు పాయింటు అన్నారు కదక్కా, దాని గురించి చెప్తాను. ఇండక్షన్ స్టవ్ రెండువేల వాట్లు ఉంటుంది. 230 వోల్టుల మీద దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. మీ ప్లగ్గు బహుశా ఆరు ఆంపియర్లది. ప్లగ్గు పసుపురంగుకి తిరిగి, కాలిన వాసన వస్తోందేమో ముందు చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి ఇండక్షన్ అస్సలు వాడొద్దు.

వంటింటికి మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించండి, ఇండక్షన్, మైక్రోవేవ్ లాంటి వాటికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. గట్టుకి తొమ్మిది అంగుళాల పైన 16 ఆంపియర్ల పాయింట్లు రెండు, మిక్సీ లాంటి చిన్నవాటికి మామూలువి రెండు. సింకుకి, పొయ్యికి దూరంగా ఉండాలి. ఫ్రిజ్‌కి విడిగా ఒకటి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చి) లేకపోతే ఈ పనిలోనే పెట్టించేయండి. తడిచేత్తో షాక్ కొడితే ప్రాణం కాపాడేది అదే. ఎర్తింగ్ ఉందో లేదో చూడమనండి, పాత ఇళ్లలో చాలావాటికి పేరుకే ఉంటుంది.

తీగల కోసం గోడకి గాడులు కొట్టే పని ప్లాస్టరింగు కంటే ముందే అవ్వాలి. టైల్స్ అయ్యాక నన్ను పిలిచేవాళ్లు చాలామంది, అప్పుడు కొత్త టైల్స్ కోయాల్సి వస్తుంది.

డాలస్ కోడలు

మేము ఇక్కడినుంచే గుంటూరులో మా అత్తగారి వంటిల్లు బాగుచేయిస్తున్నాం, అందుకే మీ చర్చ మొత్తం చదివాను. చిమ్నీ గురించి ఎవరూ చెప్పలేదేంటండి? మన పోపులకి, వేపుళ్లకి చిమ్నీ తప్పనిసరి కదా. ఇక్కడ అది లేకుండా వండితే పొగ అలారం మోగుతుంది.

సివిల్ బాబాయ్

తప్పనిసరి కాదమ్మా. డాలస్‌లో తలుపులు, కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి, అక్కడి సంగతి వేరు. ఈ వంటింటికి కిటికీ, తలుపు రెండూ ఉన్నాయి. పొయ్యికి సాధ్యమైనంత దగ్గర్లో, గోడ పైభాగాన ఇనుప రెక్కల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి చాలు. గాలి లోపలికి రావడానికి ఎదురుగా తలుపో కిటికీయో తెరిచి ఉండాలి, లేకపోతే ఎంత పెద్ద ఫ్యానైనా తిరుగుతుందే కానీ పొగ లాగదు. పొగగొట్టం లేకుండా గాలిని వడకట్టి మళ్లీ గదిలోకే వదిలే చిమ్నీలైతే అసలు వద్దు. నూనె కొంత పడుతుంది, వేడి, ఆవిరి గదిలోనే ఉండిపోతాయి.

ఇందూరు ఇల్లాలు

బాబాయ్ గారూ, నేను ఒప్పుకోను. మా ఇంట్ల రోజూ జొన్నరొట్టెలు, మిరపకాయల పోపు. ఫ్యాన్ పెట్టినా సజ్జ మీద డబ్బాలకు నూనె జిడ్డు పడుతనే ఉండె. గొట్టం బయటికి పోయే చిమ్నీ పెట్టినంక తగ్గింది. పైసలుంటే అది మంచిదే. కాని 90 వేలల్ల చిమ్నీ కొంటే చెమ్మ పనికో, కరెంటు పనికో కోత పడుతది, అది మాత్రం వద్దు. ఇప్పుడు ఫ్యాను పెట్టి, చిమ్నీ గొట్టం కోసం గోడకు ఆరంగుళాల కన్నం, ఒక ప్లగ్గు పాయింటు ఇప్పుడే వదిలిపెట్టుమనండి. కన్నానికి మూత వేస్తే పిట్టలు రావు.

ఇంకొకటి, గ్యాస్ ట్యూబు. పాతది ఉంటే మార్చేయండి. నారింజరంగు సురక్ష ట్యూబుకు కూడా ఐదేండ్లే ఆయుష్షు, తేదీ దాని మీదనే ఉంటది. సిలిండరు అరకు తలుపు పెడితే కింద నేలను ఆనుకొని గాలి పోయే జాగా వదలాలె. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందనే పేరుకుంటది.

టేకు చెక్క

నేను వడ్రంగిని, పాలకొల్లు. అందరూ చెప్పాక ఇప్పుడు చెక్క మాట.

చెల్లెమ్మా, కడప బండ అరలు తీయించకండి. వాటికి చెద పట్టదు, తడికి ఉబ్బవు. ఇప్పుడు మాడ్యులర్ పేరుతో పెట్టే పార్టికల్ బోర్డు (చెక్కపొట్టు అతికించి నొక్కిన బోర్డు) డబ్బాలు మన గోదావరి జిల్లాల తడికి ఎన్నాళ్లుంటాయో నేను చూస్తూనే ఉన్నాను. సింకు కింద చిన్న లీకు చాలు, అడుగు ఉబ్బిపోతుంది. మీ అరలకి ముందు తలుపులు బిగిస్తే అదే మాడ్యులర్ కిచెన్.

అమ్మగారి మోకాళ్ల కోసం అయితే డబ్బు తలుపుల మీద కంటే లాగుడు బుట్టల మీద పెట్టండి. ఎక్కువగా వాడే రెండు అరల్లో స్టీలు బుట్టలు. బండ పక్కలకి ముందు చెక్క పట్టీ స్క్రూలతో బిగించి, దాని మీద చానల్ (బుట్ట జారే పట్టా) వేయాలి. చానల్ పూర్తిగా బయటికొచ్చే రకం తీసుకోండి, సగమే వచ్చేదైతే వెనక ఉన్న గిన్నె కోసం మళ్లీ వంగాలి. కుక్కరు, పెద్ద బాణలి, బియ్యం డబ్బా ఆ బుట్టల్లోకి పోవాలి.

ప్లైవుడ్ కొంటే ఐఎస్ 710 ముద్ర (తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) చూసి కొనండి. 'మెరైన్' అని ఉత్త అక్షరాలు కొట్టి అమ్మేవి చాలా వస్తున్నాయి. కోసిన అంచులన్నీ మూయించాలి, తడి ఎక్కేది అక్కడినుంచే. సింకు కింద అరకి మాత్రం పీవీసీ బోర్డు తలుపు బాగుంటుంది, నీళ్లకి భయం లేదు. పొయ్యి పక్కన అది వద్దు, వేడికి వంగుతుంది.

గోదారి గట్టు

ఇవన్నీ అమ్మకి చదివి వినిపించాను. అమ్మ మాట కూడా రాస్తున్నాను, ఎందుకంటే అందులో వాడే మనిషి తనే.

పై అరలకి తలుపులు వద్దంటోంది. పప్పుల డబ్బాలు కళ్లెదురుగా కనపడాలి, ఏది అయిపోయిందో చూస్తేనే తెలుస్తుంది అంటుంది. గోడకి కొట్టిన గిన్నెల స్టాండు ఉండాలి. రోలు తీయించడానికి వీల్లేదు. రోజూ దాని మీద రుబ్బలేకపోయినా గోంగూర పచ్చడి ఇప్పటికీ అందులోనే. సజ్జ మీద సామాను మాత్రం సగం తీసేయడానికి ఒప్పుకుంది. నేను ఎన్నేళ్లుగా అడిగినా ఒప్పుకోనిది ఇప్పుడు ఒప్పుకుంది, నిచ్చెన ఎక్కలేకపోతున్నాను అని తనే అంది.

టైల్స్ గురించి ఒక సందేహం. గట్టు వెనక గోడకున్న పాత టైల్స్ మీదే కొత్తవి వేయొచ్చంటున్నాడు మేస్త్రి. నిజమేనా?

సివిల్ బాబాయ్

వేయొచ్చు, గోడ గట్టిగా ఉంటే. నాణెంతో ఒక్కొక్క టైలునీ కొట్టి వినండి. డొల్లగా మోగినవి తీసేయాలి. మిగతావాటి మీద జిడ్డు బట్టల సోడా కలిపిన వేణ్నీళ్లతో పూర్తిగా వదిలించి, మెరుపు పోయేలా గరుకు పెట్టి, టైల్ మీద టైల్ వేసే అడ్హెసివ్‌తోనే అతికించాలి. ఉత్త సిమెంటు పాలు పట్టవు. మీకు సింకు గోడ ఎలాగూ చెక్కుతున్నారు, అక్కడ మామూలుగానే వేస్తారు. రెండు గోడలు కలిసే మూల మందం తేడా వస్తుంది, ముందే చూసుకోమనండి. అవసరానికి పదోవంతు ఎక్కువ కొని దాచండి. తర్వాత అదే రంగు, అదే బ్యాచ్ దొరకదు.

బెజవాడ అద్దె ఇల్లు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది అద్దె ఇల్లు, గోడకి మేకు కొడితే ఓనరుగారు ఊరుకోరు. పదివేలలోపు ఏమైనా చేసుకోగలమా?

టేకు చెక్క

చక్రాల స్టీలు స్టాండు ఒకటి, గట్టు మీద ఆనించే రెండంతస్తుల స్టాండు ఒకటి తీసుకోండి. రెండూ మీతో పాటే వస్తాయి. పొయ్యి వెనక గోడకి అతికించే జిడ్డు షీట్ల కంటే, పల్చటి స్టీలు రేకు కొలతకి కోయించి నిలబెట్టుకోవడం మంచిది, రోజూ తుడుచుకోవచ్చు. వెంటిలేటర్ కన్నం ఉంటే ఫ్యాను పెట్టడానికి ఓనరుగారిని అడగండి, వెళ్లేటప్పుడు వదిలేస్తామంటే ఒప్పుకుంటారు.

గోదారి గట్టు

పని పూర్తయింది, అందరికీ లెక్క చెప్పాలని వచ్చాను. పైపులు, సింకు, కుళాయి కలిపి 14 వేలు. కరెంటు పని ఆర్‌సీసీబీ, ఎగ్జాస్ట్ ఫ్యానుతో సహా 11 వేలు. చెక్కడం, ప్లాస్టరింగు, మేస్త్రి కూలి 18 వేలు. గ్రానైట్ పరపడంతో కలిపి 9 వేలు, మిగులు ముక్కలే దొరికాయి. టైల్స్ 6, నేల పాలిష్ 6, బుట్టలు, కింది తలుపులు 17, రంగులు 4. మొత్తం 85 వేలు. మిగిలిన ఐదువేలు చిమ్నీ కోసం పక్కన పెట్టాం, కన్నం వదిలించాం.

సరుకంతా మేమే కొన్నాం, కూలి మాత్రం వాళ్లకి. ఏ పనికీ ముందు మూడోవంతు కంటే ఎక్కువ ఇవ్వలేదు. ఆ రోజుల్లో వెనక వసారాలో సింగిల్ బర్నర్ పెట్టుకుని వండుకున్నాం. దుమ్ము మాత్రం బీరువాలోకి కూడా పోయింది, పని మొదలయ్యే ముందు పక్క గది తలుపులకి పాత చీరలు కట్టుకోండి.

పొయ్యి చోటు పల్లంగా ఉండటం అమ్మకి బాగా నచ్చింది. కుక్కరు బుట్టలో ఉంటోంది. నాన్నని పిలవడం లేదు.

ఒక చివరి ప్రశ్న: పొయ్యి వెనక టైల్స్ సందుల్లో తెల్ల గ్రౌట్ అప్పుడే పసుపు పడుతోంది. ఏం చేయాలి?

ఒంగోలు రాయి

సిమెంటు గ్రౌట్ అయితే పసుపు, నూనె తాగుతుందమ్మా. పొయ్యి వెనక ఉన్న ఆ పది పన్నెండు టైల్స్ సందులు మాత్రం రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకించి, బూడిదరంగు ఎపాక్సీ గ్రౌట్ (రెసిన్‌తో చేసేది, మరక పీల్చదు) పెట్టించండి. ఒక కిలో డబ్బా సరిపోతుంది. పెట్టినవాడే ఆరకముందే అంచులు తుడవాలి, గట్టిపడితే టైల్ మీంచి రాదు. అంతవరకు పోపు పెట్టేటప్పుడు రేకు ఒకటి అడ్డం పెట్టుకోమనండి.